చెంచురామయ్య కత్తెర

చెంచురామయ్యకు ఉన్న రోగం ఒక్కటే: సర్కారు వాళ్లు ఎక్కడ రిబ్బన్ కట్టినా అది తన కత్తెరతోనే తెగాలి. తాగడు, పేకాడడు, పరాయి ఆడదాని వంక చూడడు. రిబ్బన్ కనిపిస్తే మాత్రం ఆగడు. ఇంతకంటే తాగుబోతును కట్టుకున్నా బాగుండేదని భార్య రాఘవమ్మ ఏడ్చేది. తాగినవాడు తెల్లారేసరికి మామూలు మనిషవుతాడు కదా.

ముదిగొండ నుంచి కుట్టుమిషనుతో సహా వచ్చి అడవి అంచున ఇప్పలగూడెంలో దిగిన దర్జీ ఆయన. పాల్వంచ కరెంటు తీగలు ఆ ఊరి నెత్తిమీదుగా ఎటో పోతాయి. ఊళ్లో మాత్రం కిరోసిన్ బుడ్లే. అక్కడ ఏం కట్టాలన్నా ముందు శిలాఫలకం చెక్కిస్తారు. పైసలు మిగిలితే గోడలు లేపుతారు.

మొదటి నేరం చేతిపంపు దగ్గర జరిగింది. బోరు వేసి, పంపుకు ఎర్ర రిబ్బన్ చుట్టి, పెద్దాయనెవరో వచ్చి తెంపుతాడని చెప్పి పోయారు. నెల గడిచినా ఎవరూ రాలేదు. ఓ పొద్దున చెంచురామయ్య తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, పోయి కత్తిరించి వచ్చాడు. రెండోది బడి. ఆ తర్వాత రాఘవమ్మ కత్తెర దాచేసింది. చౌకధరల దుకాణం రిబ్బన్‌ను వక్కలు కత్తిరించే అడకత్తెరతో తెంపాడు. డీలరు చెంప వాయగొట్టాడు. ఆ చెంపతోనే ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు.

"నీకేమన్న దండ వేసిన్రా, శాలువా కప్పిన్రా?" అంది రాఘవమ్మ.

"చప్పట్లు కొట్టిన్రు."

"ఎవరు?"

"నేనే."

ఎనభై ఆరులో కొత్త దవాఖానా లేచింది. వచ్చిన పైసల్లో సగం స్వాగతద్వారం మింగింది, మిగిలినదాంట్లో సగం నీళ్లు రాని ఫౌంటెన్ తాగింది. మంచాలేవని అడిగితే వచ్చే ఏడు బడ్జెట్‌లో చూద్దామన్నారు. మంత్రిగారు తారీఖు ఇచ్చేదాకా తలుపు తీస్తే నౌకరీ పోతుందని నర్సు ప్రమీలారాణికి కాగితం పంపారు. ఆ పిల్ల తాళంచెవి నడుముకు కట్టుకుని, పాత కిరాయి కొట్టంలోనే పురుళ్లు పోసేది. రిబ్బన్‌ను చెంచురామయ్య నుంచి కాపాడటానికి మాత్రం ఒక కాపలావాణ్ణి వేశారు. వాడి జీతానికి బడ్జెట్ ఎక్కడినుంచో ఊడిపడింది.

ఈసారి తెంపితే జైలేనని పోలీసులు చెప్పి పోయారు. రాఘవమ్మ మొగుడి చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని ఒట్టు వేయించింది. అదీ చాలక కత్తెరను తన బొడ్లోనే దోపుకుని తిరిగింది.

శ్రావణమాసంలో ఓ మధ్యాహ్నం ఆకాశం చిల్లుపడినట్టు కురిసింది. కాపలావాడు ఇంటికి పరుగెత్తాడు. కిరాయి కొట్టం కూలింది. సరిగ్గా అప్పుడే వాగవతలి గూడెం నుంచి పగిడయ్య, నొప్పులు పడుతున్న భార్య చిన్నక్కను మంచం మీద మోయించుకొచ్చి, కొత్త దవాఖానా బయట వానలోనే దింపాడు. రాఘవమ్మ గొడుగైనా లేకుండా ఉరికింది.

"వసారాలకు ఎక్కియ్యక గీడ దింపినవేందయ్యా?"

"ఎర్రగుడ్డ కట్టి ఉన్నదమ్మా. ఫారెస్టోళ్లు కట్టిన ఎర్రగుడ్డ దాటితే కేసు రాస్తరు. అది తెగినంక గాని మా గూడెపోళ్లు ఎవరూ దాటరు. పంపుకు కట్టినప్పుడు గూడ నెల దినాలు వాగునీళ్లే తాగినం. ఈ అయ్య తెంపినంకనే పంపు ముట్టుకున్నం."

  రాఘవమ్మ వెనక్కి తిరిగి చూస్తే చెంచురామయ్య తడిసి ముద్దై, ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు.

"గీ సంగతి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దెబ్బలు తినడానికి నువ్వు గూడ వస్తవ్ గద."

ఆమె బొడ్లోంచి కత్తెర తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఒట్టు నా నెత్తి మీదనే గద. నా నెత్తి సంగతి నేను చూసుకుంట. తెంపు."

తెంపాడు. కూలిన కొట్టం నుంచి ఉరికొచ్చిన ప్రమీలారాణి నడుముకున్న చెవితో తాళం తీసింది. సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు దవాఖానా కట్టించిన ఆఫీసరు కానిస్టేబులును వెంటబెట్టుకుని జీపులో దిగాడు. ఎల్లుండి మంత్రిగారు వస్తున్నారని, లోపలివాళ్లను ఖాళీ చేయించి కొత్త రిబ్బన్ కట్టమని, తెంపినవాణ్ణి పట్టుకురమ్మని కేకలేశాడు. రాఘవమ్మ గడపలో నిలబడింది.

"లోపల పురుడు, సార్. పదకొండు దినాలు మైల. మంత్రిగారితో మైలలనే కొబ్బరికాయ కొట్టిస్తమంటె మాదేం పోయింది, రాన్రి."

మెట్టు మీద పెట్టిన కాలును ఆఫీసరు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. కానిస్టేబులు అప్పటికే జీపెక్కాడు. శుభమా అని మంత్రిగారు వస్తుంటే మైల సంగతి ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు? కేసు మాట మరిచి, పదకొండు రోజుల తర్వాత తారీఖు తీసుకుంటామని వెళ్లిపోయారు.

పదో రోజున తండా నుంచి దేవ్లా తన భార్య ద్వాలిని పురిటికి తీసుకొచ్చాడు. ద్వాలి మైల తీరకముందే రామక్కకు కొడుకు పుట్టాడు. మంచాలు మాత్రం రాలేదు. ఎవరి నులకమంచం వాళ్లే మోసుకొచ్చుకున్నారు. చెంచురామయ్య దుప్పట్లు కుట్టిచ్చాడు. రాఘవమ్మ గూడెం గూడెం తిరిగి ఎవరికి ఎన్నో నెలో కనుక్కుని వచ్చేది. కొత్తగా పెళ్లయిన పిల్లలు ఆమెను చూస్తే తలుపులేసుకునేవాళ్లు.

పదకొండు రోజులకోసారి జీపు వచ్చేది. ఆఫీసరు దిగేవాడు కాదు.

"లోపల ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"ఉన్నరు సార్. ఇంకొకామెకు పొద్దున్నుంచి నొప్పులు."

జీపు తిరిగి వెళ్లిపోయేది.