వదిన ఇంటర్వ్యూ, బీరువా మీది వైఫై

మా అమ్మకు దుమ్మంటే పగ. వీధి మట్టానికి కిందున్న మా దర్జీ కొట్టులో కదలని ప్రతి వస్తువుకూ ఆవిడ కుట్టిన తొడుగు ఉంటుంది. రేడియోకి తొడుగు, టేబుల్ ఫ్యానుకి తొడుగు, పాత అట్టపెట్టెలకు కూడా తొడుగులు. ఓసారి కాస్త ఎక్కువసేపు కూర్చున్నానని, "ఏమే, నీక్కూడా కొలతలు తియ్యనా?" అంది. ఆవిడ కావాలని తొడుగు వెయ్యనివి రెండే, తన మిషనూ మా వదిన మిషనూ. రోజూ నడిచేదానికి దుమ్మెక్కడిది అంటుంది.

పెళ్లయి వచ్చినప్పుడు వదినకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కత్తెర పట్టడం దగ్గర్నుంచి నేర్పింది అమ్మే. ఆ వదినకు ఇప్పుడు నాటకాల దుస్తులు తయారుచేసే పెద్ద వర్క్‌షాపులో కటింగ్ మాస్టర్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ. వాళ్లు చూస్తుండగా బల్ల మీద గుడ్డ కత్తిరించాలి, సమయానికి రాకపోతే తరువాతి మనిషిని పిలుస్తారు. ఈ కబురు విని అమ్మ "ఊఁ" అంది. అంతే. ఆ రోజు నుంచి మిషను తొక్కుతూ తలొంచుకునే ఉంది, సరిగ్గా మాట్లాడనేలేదు.

తీరా ఇంటర్వ్యూ ఇంకో అరగంట ఉందనగా ఇంటర్నెట్ పోయింది.

"చిన్నీ, త్వరగా రా, నా కొంప మునిగింది," అని కేకేసింది వదిన.

ఇంట్లో కంప్యూటర్ తెలిసిన మహామేధావిని నేనే. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపి మళ్లీ పెట్టాను. రాలేదు. ల్యాప్‌టాప్‌నే ఆపి పెట్టాను. అది తెరుచుకునే లోపు వదిన చీర కుచ్చిళ్లు నలిపి నలిపి పాడుచేసుకుంది. జాబితాలో మా వైఫై పేరు అడుగున ఒక్క గీతతో కనపడి, నొక్కగానే మాయమవుతోంది. ఫోన్ నుంచి ఇద్దామంటే ఆ కొట్టులో సిగ్నల్ రాదు, మెట్లెక్కి వీధిలోకి పోవాలి. కటింగ్ బల్ల మోసుకుని వీధిలోకి పోతామా?

"రౌటర్ లైట్లు వెలుగుతున్నాయా?" అని అరిచాను.

"నిక్షేపంగా వెలుగుతున్నాయి, పొద్దున చూశా," అంది అమ్మ తల ఎత్తకుండానే.

గోడ దగ్గర స్విచ్చి ఆపి, కాసేపాగి వేశాను. పాస్‌వర్డ్ చెరిపేసి మళ్లీ కొట్టాను. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాను. వదిన గడియారం చూడటం మానేసి నా ముఖం చూస్తోంది. అది ఇంకా భరించలేకపోయాను.

"పోనీలే చిన్నీ, నా రాతలో లేదు," అంది.

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మీదికి తిరిగాను. "నువ్వేం చేశావే? వదిన వెళ్లిపోతే కాజాలూ గుండీలూ ఎవరు కుడతారనేగా నీ ఏడుపు!"

అమ్మ మిషను ఆగిపోయింది.

అప్పుడు జాబితాలో ఇంకోటి కంటపడింది. పై అంతస్తు వాళ్ల వైఫై నిండుగా వస్తోంది. అంటే ల్యాప్‌టాప్‌కి ఏ రోగమూ లేదు, నాలుగడుగుల దూరంలో ఉన్న మాదే రావట్లేదు. స్టూలెక్కి, వదిన కూర్చునే చోటికి వెనకున్న బీరువా మీది రౌటర్ కోసం చెయ్యి చాపాను. మెత్తగా ఏదో తగిలింది. కుచ్చులు పెట్టి, కింద ఎలాస్టిక్ వేసి కుట్టిన కొత్త తొడుగు! ఇస్త్రీ బల్లకు వేసే, అల్యూమినియం పూత ఉన్న వెండిరంగు గుడ్డ, రెండు మడతలు. సిగ్నల్ బయటికెలా వస్తుంది? మా కొట్టులో తొడుగు లేకపోతే కదా కంటికి ఆనేది!

లాగేశాను. గీతలన్నీ ఒక్కసారిగా నిండాయి.

"నీ వెనకాల అది కనపడుతుందని కుట్టానమ్మాయ్," అంది అమ్మ, నాతో కాదు, వదినతో. "దుమ్ము కొట్టుకుని, వైర్లు వేలాడుతూ... దర్జీల ఇల్లు ఇలా ఉందేమిటని వాళ్లు నిన్ను చులకనగా చూస్తారని. అది వేడెక్కుతుందిగా, అందుకే ఆ గుడ్డ వేశా. నేనెలాగూ ఈ కొట్టులోంచి బయటపడలేదు. నువ్వన్నా పోవాలనే నాకుంది తల్లీ."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో ల్యాప్‌టాప్ మోగింది.

వదిన కళ్లు తుడుచుకుని కత్తెర అందుకుంది. అవతల ఉన్నావిడ మెడ కత్తిరింపును కెమెరాకు దగ్గరగా పెట్టి చూపించమంది, ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది.

"ఇక్కడే, మా అత్తయ్య దగ్గర," అని వదిన ల్యాప్‌టాప్‌ను అమ్మ వైపు తిప్పింది. అమ్మ కంగారుపడి, నేను లాగి పడేసిన ఆ వెండి తొడుగునే అందుకుని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం వచ్చి చేరమన్నారు. వదిన అమ్మను పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం "పనులున్నాయి, తప్పుకోండి," అని మమ్మల్ని విదిలించుకుంది.

సాయంత్రం టీ తీసుకుని వెళ్లేసరికి అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. టేపు పెట్టి వదిన మిషనుకు కొలతలు తీస్తోంది.

"దానికెందుకత్తయ్యా? సెలవు రోజు నేను కుట్టనా?" అంది వెనకే వచ్చిన వదిన.

"మిగతా రోజులు దుమ్ము పట్టదూ?" అంది అమ్మ. టేపు మీద అంకె కనపడక కళ్లు ఒత్తుకుని మళ్లీ మొదటి నుంచి కొలిచింది.