ఘోపాలం గారి గుర్రం

ఆ రోజుల్లో అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే చేతిలో కేజీన్నర కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పోగయ్యేవి. జనమంతా అవి చదివి బాగుపడ్డారు. నేను మాత్రం వాటి వెనకవైపు కథలు రాశాను. పంజాగుట్టలో ఒక వారపత్రికకు ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. ఏడాదిపాటు వెంటపడగా పడగా ఎడిటర్ గారు సీరియల్ రాయమన్నారు, ఒక్క షరతు మీద. "ఏంటయ్యా, వింటున్నావా? నీ విలన్ పేరు ఈ భూమ్మీద ఇంకెవరికీ ఉండకూడదు. పోయిన సీరియల్లో విలన్ పేరున్నాయన వచ్చి నా కుర్చీలో కూర్చుని లేవనన్నాడు. మళ్లీ అలా జరిగిందో, సీరియల్ బందు, జీవితాంతం నీకు ప్రూఫులే!"

మూడు రోజులు అన్నం మానేసి (టిఫిను మానలేదు) నాలుగు వందల పేర్లు కొట్టేశాక తట్టింది: ఘోపాలం! పరీక్ష కోసం అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి గొంతు చించుకుని పిలిచాను. పదకొండు మంది "ఆఁ" అంటూ తిరిగారు. అందరూ గోపాలాలే. చెవికి ఒత్తు ఆనలేదన్నమాట. అయితేనేం, సీరియల్ చదివేది కళ్లతో కదా! నా భవిష్యత్తంతా ఆ ఒత్తులోనే ఉందని తేల్చుకున్నాను.

మా ఆఫీసులో కంప్యూటర్‌లో అక్షరాలు కొట్టేదీ, బొమ్మలు గీసేదీ ఒక్కరే, బొమ్మల భాయ్. మాసబ్ ట్యాంక్‌లో పుట్టి పెరిగిన ఆయనకు గుర్రాన్ని ఘోడా అనడమే అలవాటు. నా విలన్ పేరును అచ్చుతప్పనుకుని గోపాలం అని దిద్దేవాడు. నేను ఒత్తు పెట్టడం, ఆయన తీసెయ్యడం. ఏడోసారి బల్ల గుద్దాను. "భాయ్, గో కనబడితే ఘో చెయ్యండి! ఒక్కటి కూడా వదలొద్దు!"

"జర ఆగన్నా, ఫికర్ చెయ్యకు. ఒక్క మీట నొక్కితే అన్నీ మారుతయ్."

మారాయి. అన్నీ. సాయంత్రం పేజీలు చూద్దును కదా, హీరోయిన్ ఘోళ్లు కొరుక్కుంటూ ఘోంగూర పచ్చడి నూరుతోంది. "ఘోపాలం మూడో అంతస్తులో ఘోడ దూకాడు" అన్న వాక్యం పక్కనే బొమ్మ. మధురానగర్ అపార్ట్‌మెంట్ హాల్లో, సోఫాకీ టీవీకీ మధ్య, ఏనుగంత గుర్రం. దాని మీదుగా నా విలన్ ఎగురుతున్నాడు.

"ఇదేంటి భాయ్?"

"నువ్వే రాసినవ్ కదన్నా, ఘోడ దుంకిండని. మూడో అంతస్తుకు ఎట్లెక్కిందో నాకు సుత సమజ్ కాలే. మస్తు కష్టపడి గీసిన."

ఎడిటర్ గారు గడియారం చూశారు. "గంటలో ప్రెస్సుకు పోవాలి. ఇంకో బొమ్మకు టైము లేదు. నీ సీరియల్ తీసేసి వంటల పేజీ వేసేస్తా."

ఏడాది తపస్సు వంకాయ కూర పాలు! "వద్దండీ! గుర్రం కథలో ఉంది, ఉంటుంది!" అని అరిచి, నిలబడ్డ చోటే కరపత్రం తిప్పి, గుర్రం లిఫ్టులో పైకొచ్చిన వైనం (తోక తలుపులో ఇరుక్కోవడంతో సహా) రెండు పేరాలు రాసి పారేశాను. మిగతా ఘోలన్నీ ఏరి దిద్దాను, ఘోపాలాన్ని మాత్రం తాకనివ్వలేదు.

సీరియల్ ఇరవై వారాలు నడిచింది. బస్తాలకొద్దీ ఉత్తరాలు. అన్నిట్లో ఒకే ప్రశ్న: గుర్రానికి మేత ఎవరు వేస్తున్నారు? ఘోపాలం సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఒక బామ్మగారైతే గుర్రం పేరేంటని మూడు కార్డులు రాశారు. నాకున్న పట్టుదలంతా ఒక్క ఒత్తుకే ఖర్చయిపోయిందేమో, దానికి పేరు పెట్టనేలేదు. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని ఆ పాత సంచికలు తిరగేస్తుంటే బల్ల గుద్దిన ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వొస్తుంది. నవ్వుతూనే, పేజీ అంచున గుర్రానికి ఒక పేరు రాస్తాను, కొట్టేస్తాను, మళ్లీ రాస్తాను. ఇంతవరకూ ఒక్కటీ కుదరలేదు.