గంజి పెట్టిన తెరచాప

అన్నం వార్చిన గంజి పొగలు కక్కుతుండగానే అందులో ఇన్ని నీళ్లు కలిపి, పలుచని గుడ్డలో వడగట్టి, నూలు చీరను ముంచి పిండితే వచ్చే ఆ కమ్మని, ఒకింత పులిసిన వాసన మా కోడలికి పడదు. "గిప్పుడు గంజెవరు పెడ్తున్నరత్తమ్మా? డబ్బాలల్ల దొరుకుతాంది గద" అంటుంది. దొరికితే దొరకనీ. నా చీరకు నేను గంజే పెట్టుకుంటాను. ఆ వాసన తగిలితే చాలు, నల్లగొండ జిల్లాలో మా ఊరి పెద్దచెరువు ఒడ్డున, నెత్తి మీది నుంచి గంజి కారుతుండగా నిలబడిన పిల్లనైపోతాను. ఆనాడు నన్ను చూసి ఊరు ఊరంతా నవ్వింది. నాకైతే ఈనాటికీ సిగ్గు లేదు.

అరవయ్యో దశకం మొదటి ఏళ్లవి. ఎండకాలం వచ్చిందంటే మా సాలెవాడలో తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, పరిచేవారు. ఎండ ముదరక ముందే వాటికి గంజి పట్టించాలని అవ్వ కుంచె పట్టుకొని ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూనే ఉండేది. మా అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్లం. పొద్దెక్కాక చల్లని అంబలి, అందులోకి ఉల్లిగడ్డ, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క. మధ్యాహ్నాలు ముంజలు, తునికి పండ్లు, గచ్చకాయల ఆట. ఎక్కడున్నా చెవిలో మగ్గాల చప్పుడు. సాయంత్రం పడమటి గాలి లేవగానే పిల్లలమందరం ఆటలు వదిలేసి చెరువుగట్టుకు పరుగెత్తేవాళ్లం.

చెరువుగట్టు చివర, రేవు పక్కన నిజాము కాలంలో కట్టిన పెంకుల బంగళా ఒకటి ఉండేది. దాన్ని అందరూ పడవల క్లబ్బు అనేవారు. ఊరికి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు, ఒకరిద్దరు షావుకార్లు అందులో మెంబర్లు. ఎండకాలమంతా ఆదివారం సాయంత్రాలు వాళ్ల తెరచాప పడవలు పందెం కట్టి, చెరువు నడుమ ఉన్న ఏనుగు గుండు అనే పెద్ద బండను చుట్టి మళ్లీ రేవుకు వచ్చేవి. రేవులో ఒక గుంజకు ఇత్తడి గంట వేలాడేది. ముందొచ్చినా వెనకొచ్చినా, తన తెరచాపతో తాను వచ్చిన ప్రతి పడవకూ ఆ గంట కొట్టాలి. తాడు కట్టి లాక్కొచ్చిన పడవకు మాత్రం కొట్టరు, అది వచ్చినట్టు లెక్క కాదు. ఇదీ వాళ్ల పద్ధతి.

మా అన్న నర్సింహకు ఆ పడవలంటే ప్రాణం. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకొని, ధైర్యం చేసి క్లబ్బు సెక్రెటరీ ముందు నిలబడి, మేము కూడా పందెంలోకి రావచ్చా అని అడిగాడు. తెల్ల ప్యాంటూ, దువ్విన మీసాలూ, చేతిలో సిగరెట్టూ, ఆ మనిషి మమ్మల్ని కింది నుంచి పైకి చూసి, "పడవ మీదై, తెరచాప మీదైతే రాండ్రి, ఎవరొద్దన్నరు?" అన్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు.

అన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. సంగతి నేను చెప్పాను. అవ్వ నూలు కండె చుట్టడం ఆపింది.

"నలుగురి ముంగట అన్నడా?"

"నలుగురి ముంగటనే అన్నడవ్వా."

"గట్లయితే గది నవ్వులాట గాదు, మాట. మీరు పోవాలె, ఆయన గంట కొట్టాలె."

అంతే, ఆ రోజు నుంచి ఎండకాలం చివరి పందెంలో మా వాడ పడవ ఉండి తీరాలన్నది మా ఇంటి పంతమైంది. చేపలు పట్టే మల్లయ్య మామ మూలకు పడేసిన పాత పడవకు తారు పూసి ఇచ్చాడు. బాపు రోజు పని అయ్యాక జంటపోగు వేసి, గట్టిగా దరువు కొట్టి, దుప్పటి కంటే మందమైన బట్ట నేశాడు. తెరచాప ఎలా ఉండాలో మాలో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా బట్ట సంగతి. మా ఇంట్లో గంజి పెట్టని బట్ట గడప దాటడమన్నది లేదు, పెండ్లిచీరైనా, శవం మీద కప్పేదైనా. "గంజి లేకపోతె గదేం బట్టరా, పీలిక" అని బాపు అవ్వతో పెద్ద కాగు నిండా చిక్కటి గంజి కాయించి, మడత మడతకూ పట్టించాడు. ఎండిన తెరచాప గోడకు ఆనకుండా తనంత తాను నిలబడింది. వాడంతా వచ్చి తట్టి చూసి మెచ్చుకున్నారు.

"ఆడివిల్ల పడవెక్కుడేందవ్వా?" అని, తెరచాప తాడు పట్టేది నేనని తెలిసి పక్కింటామె మూతి విరిచింది.

"దారం పట్టేటప్పుడు ఆడివిల్ల గాదా? గదీ దారమే, జర లావుంటది" అంది అవ్వ.

పందెం మిరుగానికి, అంటే మృగశిర కార్తెకు, ముందు రోజు వచ్చింది. అన్న చుక్కాని దగ్గర, నేను తెరచాప తాడు దగ్గర. సెక్రెటరీ మమ్మల్ని చూసి నోరు తెరిచాడు కాని, తన నోటితో తాను చెప్పిన మాట అందరికీ గుర్తుంది కనుక కాదనలేకపోయాడు. గాలి తగలగానే మా తెరచాప రేకు తలుపులా ఫెళఫెళమంది. అయినా పడవ కదిలింది! గుండు దాకా మిగతావాళ్ల వెనకే పోయాం. గుండు చుట్టి మళ్లామో లేదో, మబ్బు కమ్మి జల్లు మొదలైంది. ఇంకేముంది, గంజి కరగడం మొదలుపెట్టింది. నా నెత్తి మీద, కళ్లలో, పడవ నిండా తెల్లగా కారింది. తెరచాప తడిసిన ధోవతిలా మెత్తబడి కొయ్యను చుట్టుకుంది. గంజికి ఆశపడి చేపలు పడవ చుట్టూ మూగాయి. ఒడ్డున నవ్వులు మాకు వినబడుతూనే ఉన్నాయి, ఒక్కొక్క పడవా చేరినప్పుడు కొట్టే గంట కూడా.

క్లబ్బు నౌకరు తెడ్ల పడవ వేసుకొని వచ్చి తాడు విసిరాడు. "పట్టుకోండ్రి బిడ్డా, గుంజుకపోత."

అన్న కళ్లలో నీళ్లు. చెయ్యి చాపాడు.

"అన్నా, తాడు ముట్టినవంటె నీకూ నాకూ మాటల్లేవ్" అన్నాను. నౌకరు వైపు తిరిగి, "మా తెరచాపతోనే వస్తం. నువ్వు పో" అన్నాను. నాకు ఒళ్లు మండిపోతోంది. చుట్టుకున్న బట్టను ఇద్దరం కలిసి విప్పాక, నేను తాడు బిగించి పట్టుకున్నాను. గంజంతా పోయి, తడికి పోగులు ఉబ్బి, ఆ బట్ట మొదటిసారి గాలిని కడుపు నిండా పట్టింది. ఒక చేత్తో తాడు పట్టి, ఇంకో చేత్తో డబ్బాతో నీళ్లు తోడుతూ, నత్తలా, అయినా మా అంతట మేమే రేవుకు వచ్చాం.

అప్పటికి దొరలు వరండాలో చాయ్ తాగుతున్నారు. గంట కొట్టేవాడు లేడు. కాసేపు చూశాను. గట్టు మీద బాపు తువ్వాలతో మొహం తుడుచుకుంటున్నాడు. అవ్వ గంట వైపే చూస్తోంది. నేను దిగి, గుంజ దగ్గరికి పోయి, గంట తాడు పట్టుకొని ఠంగుమని కొట్టాను.

"ఏయ్, ఎవరు కొట్టమన్నరు?" అని సెక్రెటరీ లేచాడు.

"పడవొచ్చింది సాబ్. మీరు కొట్టలే, నేను కొట్టిన."

గట్టంతా ఈలలు, కేకలు. ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. ఇంటికి పోయాక గడప దగ్గర బాపు, "గంజి జర ఎక్కువైనట్టుంది" అన్నాడు. మిరుగం నాడు చేపలు తినాలంటారు కదా, మర్నాడు మల్లయ్య మామ చేపలు తెచ్చి, "మీ గంజి తాగి బలిసినయి, తినుండ్రి" అన్నాడు. అంత రుచిగల చేపల పులుసు నేను మళ్లీ తినలేదు.

పోయిన ఎండకాలం ఊరికి పోయినప్పుడు చెరువు దిక్కు వెళ్లాను. బంగళా కూలిపోయింది, చెరువు సగమైంది, రేవున్న జాగాలో ఇనుప కంచె. వాడలో మగ్గం చప్పుడు లేదు. బాపు, అవ్వ ఎప్పుడో పోయారు, అన్న కూడా పోయాడు. కంచె లోపల ఆ గుంజ ఒక్కటే ఉంది, గంట ఎవరు పట్టుకుపోయారో తెలియదు. ఈ కథ విన్న మనవరాలు, "అయితె ఓడిపోయిండ్రన్నట్టే గద అవ్వా?" అంది. ఓడిపోవడమేంది, నా మొహం! అందరికన్నా వెనక వచ్చాం, కానీ మా బట్టతో మేమే వచ్చాం. గంట కూడా నేనే కొట్టుకున్నాను.