నలభై మూడో పేజీలో నేను చేసిన పెళ్లి

1984. పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నా ఉద్యోగం దొరక్క, కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక గదిలో జాబ్ టైపింగ్ మొదలుపెట్టాను. అంటే, ఇతరులు చేత్తో రాసింది టైపు చేసి ఇవ్వడం. అన్నీ అర్జీలు, కోర్టు కాగితాలే.

జమ్మికుంట టీచరు సులోచన మాత్రం ఎం.ఫిల్. థీసిస్ తెచ్చింది. దాని విషయం పాత ఇంగ్లిష్ నవలల్లో ఆడవాళ్లు, పెళ్లి. ఆస్తి మగవాళ్లకు పోతుంది, ఆడపిల్లకు పెళ్లి తప్ప దారి లేదు. మా ఊరి కథల్లాగే ఉన్నాయే అనుకుంటూ ఆత్రంగా టైపు కొట్టాను. పేర్లు కలిసిపోకుండా పట్టిక కూడా గీసుకున్నాను: అమ్మాయి, అడిగినవాడు, జవాబు, చివరికి ఏమైంది.

ఆ పట్టికే కొంప ముంచింది. ఒక అమ్మాయి ధనవంతుణ్ణి కాదంటుంది, చివర అతన్నే చేసుకుంటుంది. పొసగలేదు. టీచరమ్మ తొందరలో తప్పు రాశారనుకొని, నిరాకరించిందన్న నాలుగు చోట్లా అంగీకరించిందని దిద్దేశాను.

ఆమె టైపు కాగితాల కోసం వచ్చిన మర్నాడే థీసిస్ ఇవ్వడానికి ఆఖరి రోజు. ఒంటిగంట బస్సు అందితేనే వరంగల్‌లో బైండింగ్ చేయించి యూనివర్సిటీలో ఇవ్వగలదు. ఉదయం పదింటికి వచ్చి, పేజీలు తిప్పుతూ నలభై మూడో దగ్గర ఆగింది.

“అన్నా, గామె వద్దన్నది గద. మీరెట్ల ఒప్పించిండ్రు?”

“ఆఖరికి ఆయన్నే చేసుకున్నది గద మేడం. మీరే తప్పు రాసిండ్రనుకున్న.”

“నడుమ ఆయన మారిండు, గందుకు చేసుకున్నది. ఏడాది సంది గామె వద్దన్నదనే రాస్తున్న. మీరు ఒక్క పూటల పెండ్లి చేసిండ్రు.” నవ్వింది కానీ, వెంటనే గడియారం వైపు చూసింది. “మా ఇంట్ల గూడ గిట్లనే. నేను సంబంధం వద్దంటె సిగ్గుతోటి అన్నదంటరు. రేపు ఇది ఇయ్యకపోతె, సదువు సాలని ముహూర్తం పెడతరు.”

నాలుగు పేజీలు, ఒక్కోదానికి నాలుగు కార్బన్ కాపీలు. పైన కొట్టిన అక్షరమే కింది కాగితాల మీదా పడుతుంది, చెరిపితే మరక. అందుకే మళ్లీ కొట్టాలి. ప్రతి పేజీ పాత మాట దగ్గరే ముగియాలి, లేకపోతే తర్వాతి పేజీలన్నీ మళ్లీ కొట్టాల్సి వస్తుంది. ఆమె చదువుతుంటే నేను కొట్టాను. నిరాకరించిందన్న చోటల్లా ఆమె గొంతు పెద్దదయ్యేది.

“జర మెల్లగ మేడం, బజారంత వింటరు.”

“విననియ్యుండ్రి.”

పన్నెండూ నలభైకి చివరి కాగితం లాగాను. ఆమె పరుగెత్తి, కదులుతున్న బస్సు ఎక్కింది. థీసిస్ సమయానికి ఇచ్చానని తర్వాతి వారం వచ్చి చెప్పింది.

అప్పటినుంచి అనుమానం వస్తే మార్జిన్‌లో పెన్సిల్‌తో ప్రశ్నగుర్తు పెడతాను. మాట మార్చను.

ఆ ఏడే మా చెల్లెల్ని చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. వాళ్లు పోయాక తను “నాకు నచ్చలే” అంది. పెళ్లివారికి జవాబు రాయమని బాపు నా ముందు పోస్టుకార్డు పెట్టాడు.

“సిగ్గుపడ్తుందిరా. ఒప్పుకున్నదని రాయి.”

నేను చెల్లెల్ని మళ్లీ అడిగి, తను అన్నదే రాశాను.