నా చెప్పుకోలేని ప్రార్థన అంశం

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది, ఒంటి గురించి పుస్తకంలో చదివినవాడికి ఒంట్లో ఏం జరిగినా ముందే తెలిసిపోతుందని. (ఇప్పుడా నమ్మకం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.) తొండుపల్లిలో మా ఇంటి మీదుగా విమానం దిగితే అరలో స్టీలు గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడులోనే నర్సింగు చదివాను. అందులో నాకు ప్రాణమైన పాఠం శోషరస వ్యవస్థ, ఇంగ్లీషులో లింఫ్. గుండె మీద పాటలు రాస్తారు, రక్తం గురించి అందరూ మాట్లాడతారు, పాపం శోషరసాన్ని పట్టించుకునేవాడే లేడు. రక్తనాళాల నుంచి కండల్లోకి ఊరిన నీటిని సన్నని గొట్టాలతో పోగుచేసి, మెడ కింద మళ్ళీ రక్తంలో కలపడం దాని పని. తోయడానికి గుండెలాంటి పంపు కూడా లేదు, మనం కదిలి కండలు పిండితేనే అదీ కదులుతుంది. దారిలో గజ్జల్లో, చంకల్లో, మెడలో చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు కాపలా ఉండి క్రిముల్ని పట్టుకుంటాయి. "ఎయిర్‌పోర్టులో బ్యాగులు తనిఖీ చేసినట్టు" అని పరీక్షలో రాసి క్లాసులో మొదటివాణ్ణయ్యాను. తోటివాళ్ళు 'లింఫ్ సార్' అని పేరు పెట్టారు. అది వెక్కిరింపని అప్పట్లో నాకు తెలియలేదు.

చదువవగానే ఎయిర్‌పోర్టు దగ్గర ఒక చిన్న క్లినిక్కులో ఉద్యోగం దొరికింది. రెండు వారాల శిక్షణ, ఆపైన వైద్య పరీక్ష, అందులో నెగ్గితే ఖాయం. మా ఇంట్లో అలాంటి ఉద్యోగం ఎవరికీ లేదు కాబట్టి అందరి ఆశా నా మీదే. నల్ల బూట్లు తప్పనిసరి అన్నారు. అప్పటిదాకా నా కాళ్ళు చెప్పులు తప్ప ఎరగవు. మా నాన్న తమ్ముడు, చిన్నబాపు, తన పెళ్ళినాటి బూట్లు తెచ్చిచ్చాడు, ఒక సైజు తక్కువ. "జర టైటుంటయి, నడుస్తుంటే అవే సాగుతయి" అన్నాడు. అవి సాగలేదు. మడమ ఒరుసుకుపోతే దూది పెట్టుకుని తిరిగాను, చిన్నబాపు నొచ్చుకుంటాడని ఇంట్లో కూడా సాక్సు విప్పలేదు.

రెండో వారంలో స్నానం చేస్తుంటే కుడి గజ్జలో గోలీ అంత గడ్డ చేతికి తగిలింది. నొక్కితే నొప్పి. శోషరస గ్రంథుల క్యాన్సర్ పేజీ నంబరుతో సహా గుర్తొచ్చింది. వైద్య పరీక్ష ఇంకా నాలుగు రోజులే. డాక్టరు తడిమితే ఉద్యోగం పోతుంది, తడమకపోతే ప్రాణమే పోతుంది. ఎవరికి చెప్పను? చోటు అలాంటిది. (మెడ మీదైతే ఊరంతటికీ చూపించేవాణ్ణే.) చివరి కోరికలు కాగితం మీద రాసుకున్నాను. సైకిలు తమ్ముడికి, లింఫ్ నోట్సు జూనియర్లకు. రాస్తూ నిజంగానే ఏడ్చాను, ముఖ్యంగా నోట్సు దగ్గర.

బుధవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. దేని కోసం ప్రార్థించాలో ఎవరి అంశం వాళ్ళు చెబితే, పాస్టరు అయ్యగారితో పాటు అందరూ కలిసి ప్రార్థిస్తారు. నా వంతు వచ్చింది. "నాకొక అంశముంది అయ్యగారు... గని బయటికి చెప్పేది కాదు" అన్నాను. అసలు చెప్పకుండా ఊరుకోవాలి, లేదా మొత్తం చెప్పాలి. సగం చెబితే మిగతా సగం జనమే పూరిస్తారు. పక్కింటి అత్త కళ్ళు మూసుకుని అందుకుంది.

"ప్రభువా, ఈ పిలగాని మనసు ఏ పిల్ల మీద పడ్డదో, ఆ పిల్లను మరిపియ్యి తండ్రీ!"

చిన్నబాపు ఇంకా గట్టిగా, "తాగుడు నేర్సుకుంటే ఇడిపియ్యి దేవా!" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమేన్ అనేసరికి నేను చెయ్యని పాపం లేదు.

అందరూ వాకిట్లో చెప్పులు వేసుకుంటుండగా మా అవ్వ, అంటే బాపు తల్లి, నన్ను గోడ పక్కకు లాగింది.

"ఎవతిరా ఆ పిల్ల?"

"పిల్ల కాదవ్వా, గడ్డ. ఇగ నేను ఎక్కువ రోజులుండ."

"ఏడ?"

తల దించుకుని సైగ చేశాను.

"గజ్జల్ల బిళ్ళ కట్టిందా?" అవ్వకు మెల్లగా మాట్లాడడం రాదు. వాకిట్లో చెప్పులన్నీ ఆగిపోయాయి. "ఏ దిక్కు? గా కాలు చూపియ్."

"కాలు కాదవ్వా, ఇది లింఫ్..."

"సప్పుడు జెయ్యకు. సాక్సు ఇప్పు."

విప్పాను. మడమ వెనక పుండు చీము పట్టి దూదికి అంటుకుని ఉంది.

"కాలుకు పుండైతే గజ్జల్ల బిళ్ళ కడతది. మేకలు కాసే పోరనికి గూడ ఎరుకే. ఇల్లంత పరేషాన్ చేసినవ్ గదరా!"

ఆ మాటకొస్తే నాకూ ఎరుకే. పాదం నుంచి వచ్చే శోషరసం గజ్జల్లో గ్రంథులకు చేరుతుందని బాణం గుర్తులేసి బొమ్మ గీసినవాణ్ణి. అలాంటి పాదం నాకూ ఒకటుందని మాత్రం తట్టలేదు. మర్నాడు దవాఖానలో డాక్టరు కూడా ముందు కాలే చూపించమన్నాడు. పుండు కడిగి, మందులిచ్చి, బూట్లు మానమన్నాడు. వైద్య పరీక్షలో డాక్టరమ్మ నా కట్టు చూసి, కథంతా విని, నవ్వుతూనే సంతకం పెట్టింది. పది రోజుల్లో బిళ్ళ కరిగిపోయింది.

అంతమంది ప్రార్థించాక, దేవుడు చేసిన మేలు గురించి కూడికలో నిలబడి సాక్ష్యం చెప్పక తప్పదు. "దేవుడు నన్ను మరణం నుంచి తప్పించిండు" అని మొదలుపెట్టాను. "మరణం కాదు, బూట్ల నుంచి అను" అంది వెనక నుంచి అవ్వ. అయ్యగారు పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇప్పుడు అదే క్లినిక్కులో కొత్తవాళ్ళకు నేనే పాఠం చెబుతున్నాను. అవ్వ లేదు. ఆ బిళ్ళ మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నా పుండులోని విషం పైకి పాకకుండా పట్టుకుని, ఉబ్బి, నొప్పి పడుతూ అది నా కోసం కొట్లాడుతుంటే, నేను దాన్నే నా చావనుకుని ఆస్తులు పంచిపెడుతూ కూర్చున్నాను. ఆ లింఫ్ సార్‌ను తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. ఒంట్లో గ్రంథులన్నిటి పేర్లూ గడగడా చెప్పేవాడికి, "నాకు భయమైతుందవ్వా" అని చెప్పడం మాత్రం చేతకాలేదు.