గుట్టవీరుని తొడ ఎముక

మ్యూజియంకు జనం తమకు తెలియనిది తెలుసుకోవడానికి వెళతారు. మేము మాత్రం మాకు తెలిసింది ఒక పెద్దాయనకు తెలియజెప్పడానికి వెళ్లాము.

ఆ పెద్దాయన నా మిత్రుడు హనుమంతు తండ్రి నారాయణప్ప. గుత్తి దగ్గర వాళ్ల పల్లెలో, గుట్టమీది మంటపంలో, నిలబెడితే మనిషి నడుము దాటే ఎముక ఒకటుంది. పూర్వం ఊరిని కాచిన గుట్టవీరుడనే మహాకాయుని తొడ ఎముక అది అని నమ్మకం. వాన రాని ఏట దాన్ని నీళ్లతో కడిగి, పొట్టేళ్లను కోస్తారు. కడిగే హక్కు నారాయణప్ప వంశానిది. ఆ ఏడు మృగశిర కార్తె వెళ్లిపోతున్నా మబ్బు లేదు. వచ్చే సంతలో ఎద్దుల జతను అమ్మి, ఆ డబ్బుతో వీరునికి పొట్టేళ్ల మందనే కోయిస్తానని ఆయన మొక్కుకున్నాడు. తీరా వాన వస్తే దున్నడానికి ఎద్దులెక్కడివని కొడుకు అడిగితే, "అదీ ఆయప్పే చూసుకుంటాడు" అన్నాడట. వీరుడు నాగలి కూడా పడతాడని నాకు అంతవరకు తెలియదు.

అనంతపురంలో ఒక పాత బంగళాలో జంతువుల మ్యూజియం పెట్టారని, అందులో ఏనుగు అస్థిపంజరం ఉందని విన్నాను. పూర్వం కోట కొలువులో ఏనుగులున్న గుత్తి చుట్టుపక్కల ఏనుగు ఎముక దొరకడంలో వింత లేదు. ఆ పోలికను పెద్దాయన తన కళ్లతో చూస్తే ఎద్దులు దక్కుతాయి. హనుమంతు, దర్జీ ఖాసిం, నేను కలిసి, సరదాగా పట్నం చూసి వద్దామని ఆయనను ఒప్పించాము.

గుత్తిలో బస్సు ఉదయం ఆరున్నరకు. అంటే ఏడున్నరకు అని కొత్తవారు గ్రహించాలి. డ్రైవరు ఇంజనుకు ఊదుబత్తి వెలిగించాడు, నిమ్మకాయ కట్టాడు, దండం పెట్టాడు. నీళ్లు పోయడం ఒక్కటే మరిచాడు. పామిడి దగ్గర, ఇసుక తప్ప మరేమీ లేని పెన్న ఎదుట, ఇంజను ఆవిరి కక్కి ఆగింది. దానికి నీళ్లు దొరికేదాకా పక్కన కూచున్న అవ్వ కోళ్లగంప ఒళ్లో పెట్టుకుని విచారణ మొదలుపెట్టింది.

"యాడికప్పా అంతా కట్టగట్టుకోని పోతాండారు?"

"ఎముకలు చూసేదానికవ్వా" అన్నాడు ఖాసిం.

"మా ఊరికి రాపోండ్రి. గొడ్లన్నీ సచ్చి యాడ జూసినా ఎముకలే. దానికి టికెట్టు గూడానా?"

మూఢనమ్మకాలమీద నేను ఇరవైయేళ్లుగా ఇస్తున్న ఉపన్యాసాలలో ఇంత సూటి వాక్యం ఒక్కటీ లేదు.

పదిన్నరకు అనంతపురం చేరి, బస్టాండు ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాము. ఈ జిల్లాలో నేను రుజువడగకుండా నమ్మేది ఆ ఒక్కదాన్నే.

మ్యూజియం మొదటి గదిలో గడ్డి కూరిన చిరుతపులి ఉంది. ఖాసిం దాని కడుపు కింద వంగి చూశాడు. "ఎవురన్నా ఈ కుట్టు ఏసింది? అంతా పిగిలిపోయుండాది. రవికె ఇట్ల కుడితే మా ఈదిలో ఆడోళ్లు నన్ను బతకనిస్తారా?" పక్క గదిలో సీసాలో నాగుపాము. సీసాకు పసుపు, కుంకుమ, ముందర రెండు కోడిగుడ్లు. ఇదేమిటని కాపలాదారును అడిగాను.

"నాగులచవితికి వరసగట్టి వస్తారప్పా. సీసా మూత తీసి పాలు పోస్తామంటే మాత్రం నేను పొయ్యనీలేదు" అన్నాడు గర్వంగా.

విజ్ఞానశాస్త్రం ఆ మాత్రం నిలబడినందుకు సంతోషించాను.

చివరి హాలులో ఏనుగు అస్థిపంజరం. నేను గొంతు సవరించుకుని కీళ్ల నిర్మాణం గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. పెద్దాయన వినలేదు. అడ్డంగా కట్టిన గొలుసు దాటి, దాని వెనుక కాలి తొడ ఎముకమీద చెయ్యి వేశాడు.

"తాకగూడదు పెద్దాయనా!" కాపలాదారు పరుగెత్తి వచ్చాడు.

"ఉండప్పా. కడిగి కడిగి అరిగిన చెయ్యి ఇది." అరచేతిని పైనుంచి కిందికి మెల్లగా జార్చాడు. "ఈ గుండు... ఈ వొంపు... అంతా అదే. ఒరే హనుమంతూ, మన వీరుడు గూడా అచ్చం ఇట్లనే ఉండాడు గదరా!"

"వీరుడు గాదు నాయనా. అది గూడా ఏనుగుదే" అన్నాడు హనుమంతు.

పెద్దాయన ముఖం పాలిపోయింది. నా జీవితంలో ఒక మూఢనమ్మకం నా కళ్లెదుట చావడం అదే మొదటిసారి. విజయగర్వంతో ఖాసింవైపు తిరిగాను. అంతలో పెద్దాయన తలపాగా తీసి నడుముకు చుట్టుకుని, అస్థిపంజరం ఎదుట సాష్టాంగపడ్డాడు.

"ఎంత పాపం జేసినామప్పా! సాక్షాత్తు వినాయకునికి ఇన్నేండ్లూ పొట్టేలి నెత్తురు పోస్తిమి గదరా! వానలు యాడ వస్తాయి?"

"పెద్దాయనా, ఇది కేవలం జంతువు—" అని నేను అందుకోబోయాను. ఖాసిం నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. హనుమంతు తండ్రి పక్కకు వంగాడు. "అయితే నాయనా, ఎద్దులు?"

"ఎద్దులెందుకురా అమ్మేది? ఆయప్ప మాంసం ముట్టుతాడా యాడన్నా? ఉండ్రాళ్లు సాలు."

నా దగ్గర ఇంకా ఎన్నో వాదాలు మిగిలి ఉన్నాయి. దేనికదే తిరుగులేనిది. అన్నిటినీ మింగాను. ఉగ్గాని కన్నా కష్టంగా దిగాయి.

తిరుగు బస్సు నాలుగింటికి. అది పామిడి చేరేలోగా పెద్దాయన ఈ సంగతి బస్సంతటికీ చెప్పేశాడు. ఇద్దరు చెంపలు వేసుకున్నారు. ఒకాయన తమ ఊరిలోనూ ఒక ఎముక ఉందని, అది ఏ దేవునిదో చూసి చెప్పమని నన్ను బతిమాలాడు. ఇన్నేళ్లుగా వేదికలెక్కి అరిచి ఒక్క దేవుణ్ణీ తగ్గించలేకపోయిన నేను, ఒక్క పగటిలో ఊరికి కొత్త దేవుణ్ణి తెచ్చిపెట్టాను. మ్యూజియం మాత్రం చూడదగినదే. ఎవరు ఏ నమ్మకంతో వెళితే దాన్నే బలపరచుకుని తిరిగి వస్తారు.

గుత్తిలో దిగేటప్పుడు పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "సోమవారం ఉండ్రాళ్లు చేపిస్తాండాం. మొదటి కొబ్బరికాయ నువ్వే కొట్టల్ల సామీ. ఆయప్పను మాకు చూపిచ్చింది నువ్వే గదా!"

హనుమంతు నావైపు చూస్తున్నాడు. ఎద్దుల సంత మంగళవారం.

కొడతానన్నాను.