నేను చాలన్నాను

ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్లో దిగేసరికి జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. ఒక ఇనుప పెట్టె, బెడ్డింగు, భుజాన కిట్ బ్యాగు. అంతకుముందు రెండేళ్లు మంచులో ఉన్నాను. ఆ మంచులోంచి తిన్నగా ఈ పొయ్యిలోకి. ఆర్డరులో మాత్రం పీస్ పోస్టింగ్ అని ఉంది. ఆ సంగతి ఫోన్లో చెబితే శ్రీకాకుళంలో మా ఆవిడ గొంతులో సంబరం.

"ఇంకేటి భయమండి? ఢిల్లీయే కదా. తుపాకులూ గట్రా ఉండవు కదా" అంది.

ఉండవన్నాను. నిజమే, అక్కడున్నంత కాలం తుపాకీని తుడవడానికి తప్ప తీయలేదు. మీరందరూ నన్ను ఒకటే అడుగుతారు, బోర్డర్లో ఎవరినైనా కాల్చావా అని. లేదు. నన్ను నిలువునా కొయ్యబార్చిన రోజు బోర్డర్లో రాలేదు. మయూర్ విహార్ పక్కన, వంతెన మీద మెట్రో రైలు కనిపించేంత దగ్గర్లో, యమునలో వచ్చింది.

నేను ఇంజనీర్ల పటాలంలో హవల్దారుని. ఇంజనీరంటే మీ పిల్లలు చదివే చదువు కాదు. వంతెనలు వేస్తాం, మందుపాతరలు తీస్తాం, పడవలు నడుపుతాం. మా కంపెనీలో తెలుగువాళ్లం ఇద్దరమే. రెండోవాడు నిజామాబాద్ జవాను, పడవలో తాడు పట్టేవాడు. వాడు వచ్చిన మొదటి రోజు భోజనాల దగ్గర వంటవాడు వాడి కంచంలో పప్పు పోస్తున్నాడు. వీడు "చాలు, చాలు" అన్నాడు. వంటవాడు బీహారీ. హిందీలో చాలూ అంటే ఆగకుండా నడవనీ అని. ఇంకాస్త పోశాడు. వీడు గొంతు పెంచి "చాలు!" అన్నాడు. వాడు గరిటె నిండా ముంచి పోశాడు. పప్పు కంచం దాటి బల్ల మీద పారింది. కొత్తలో నాకూ ఇదే అయింది. తెలుగువాడు ఫౌజులో చేరితే ముందు మరిచిపోవలసిన మాట అదే. "బస్ అనాలిరా నాయనా" అని చెప్పి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను.

జులైలో ఎగువన కుండపోత వానలు పడ్డాయి. యమున ఒడ్డు దాటింది. తెల్లవారుజామున నాలుగింటికి ఆర్డరు వచ్చింది. ఆరింటికి మయూర్ విహార్ రోడ్డు మీద లారీల్లోంచి పడవలు దించుతున్నాం. నదికీ రోడ్డుకీ మధ్య పల్లపు నేలలో కూరగాయలు పండించుకునే కుటుంబాలు గుడిసెలు వేసుకుని ఉంటాయి. గుడిసెలు అప్పటికే మునిగాయి. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. సొరకాయలు, గ్యాస్ సిలిండర్లు, ఒక చిన్నపిల్లల సైకిలు తేలిపోతున్నాయి. వంతెన మీద మెట్రో ఆఫీసు జనాన్ని వేసుకుని టైముకి పోతోంది.

మాది గాలి నింపిన రబ్బరు పడవ, వెనక మోటరు. మేము ముగ్గురం. ముందు నేను, బోట్ కమాండర్ని. మధ్యలో తాడు పట్టే నిజామాబాద్ వాడు. వెనక మోటరు నడిపే హర్యానా జవాను. మనుషుల్ని ఎక్కించేటప్పుడు మోటరు ఆపి ఉంచాలి, లేకపోతే కాళ్లు తెగుతాయి. వరద హోరులో పొడుగు మాటలు వినపడవు. అందుకని మా పడవలో రెండే మాటలు. చాలూ అంటే మోటరు స్టార్ట్ చెయ్యి. బంద్ అంటే ఆపు.

సుబేదార్ సాబ్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చెప్పాడు. "పడవకి ఎనిమిది మంది. తొమ్మిదోవాడు దేవుడైనా సరే, తర్వాతి ట్రిప్పు. పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు, ఆ తర్వాత మగవాళ్లు. సామాను వద్దు. ఎవరు ముందో బోట్ కమాండర్ చెబుతాడు. బేరాల్లేవు."

ఆ పని నాకు కష్టమనిపించలేదు. నువ్వు, నువ్వు, నువ్వు అని వేలు చూపించడమే. మొదటి రోజంతా చూపించాను. జనం ఏడ్చారు, తిట్టారు, గేదెల్ని వదిలి రామన్నారు. అయినా నా వేలు చూపినట్టే కూర్చున్నారు. సాయంత్రానికి నేనేదో న్యాయమూర్తినన్నంత ధీమా వచ్చింది నాకు.

రెండో రోజు మధ్యాహ్నం పంపు గది దగ్గరికి వెళ్లాం. ఇటుకలతో కట్టిన చిన్న గది, పైన సిమెంటు పలక. నీళ్లు ఆ పలకకి జానెడు కిందకి వచ్చేశాయి. పైన పదిమంది. వేలు చూపించాను. ఏడుగురు దిగారు, నలుగురు పిల్లలతో కలిపి. ఒక చోటు మిగిలింది. పలక మీద ముగ్గురు మిగిలారు. ఒక ముసలావిడ, ఆమె కొడుకు, కోడలు సరోజ.

"అమ్మాజీ, మీరు రండి" అన్నాను.

ముసలావిడ తల అడ్డంగా ఊపింది. "కోడల్ని తీసుకెళ్లు బాబూ. నేను మా అబ్బాయితో వస్తాను."

"అత్తయ్యని వదిలి నేనెక్కను" అంది సరోజ. అంటూనే, పెద్దావిడకి చెయ్యి అందించడానికని ఒక కాలు పడవ అంచు మీద పెట్టింది.

"నువ్వెక్కు."

"మీరెక్కండి."

బస్సులో సీటు కోసం మర్యాదలు చేసుకున్నట్టు ఇద్దరూ మొదలుపెట్టారు. కొడుకు వాళ్ల వైపు చూడ్డం లేదు. వంగి రేకు పెట్టె ఎత్తుతున్నాడు. సామాను వద్దని రెండుసార్లు అరిచాను. నా రెండు చేతులూ తాడు మీదున్నాయి. వాళ్ల కాళ్ల కింద ఇటుకలు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. రూలు ప్రకారం ముసలావిడ ఎక్కాలి, ఆమె కదలదు. పోనీ కోడలెక్కాలంటే ఈమె ఒప్పుకోదు. ఎవరని చెప్పాలో నాకు తోచలేదు. కోపం వచ్చింది. కోపం వస్తే నాకు హిందీ రాదు.

"చాలు! చాలు!" అని అరిచాను.

మీ వాదన చాలు, ఇక ఆపండి అని నా ఉద్దేశం.

వెనక మోటరు అంటుకుంది. హర్యానా వాడు ఆర్డరు విన్నాడు, పాటించాడు. పడవ ఒక్క ఊపున వెనక్కి పోయింది. సరోజ దభీమని మా మధ్యలో పడింది. నేను "బంద్" అనేలోపు పంపు గది గోడ చతికిలబడింది. పలక ఒక పక్కకి ఒరిగి, ఇంతకుముందు మా పడవ ఉన్న చోట, సరిగ్గా అక్కడే, నీళ్లలోకి కోసుకుపోయింది. మేం కదలకుండా ఉంటే పడవలో నలుగురు పిల్లలతో సహా అందరం దాని కిందే ఉండేవాళ్లం.

కొడుకు పైకి తేలాడు. తాడు విసిరి లాగాం. ముసలావిడ తేలలేదు. మర్నాడు దిగువన ముళ్లపొదల్లో దొరికింది.

ఒడ్డుకి వచ్చాక లారీ పక్కన కూర్చుని బూట్లలో నీళ్లు వంపుతున్నాను. నిజామాబాద్ వాడు నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు తెలుగుల అన్నవ్ అన్నా. వాడు హిందీల ఇన్నడు" అన్నాడు మెల్లగా.

హర్యానా వాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. "ఉస్తాద్, కరెక్టు టైముకి చెప్పారు" అని నా చేతులు పట్టుకున్నాడు. సుబేదార్ సాబ్‌కి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మోటరు స్టార్ట్ చేయమని నేను ఆర్డరు ఇవ్వలేదు సాబ్, ఎవరెక్కాలో కూడా తేల్చుకోలేదు అన్నాను. ఆయన రిపోర్టు కాగితం మీంచి తలెత్తాడు.

"చాలూ అన్నావా, లేదా?"

"అన్నాను సాబ్."

"రిపోర్టులో మాట రాస్తారు, ఏ భాషో రాయరు. టీ తాగు."

నేను టీ తాగలేకపోయాను. తొమ్మిది ప్రాణాలు మిగిలాయి, ఒకటి పోయింది. ఇందులో ఎవరూ దేన్నీ ఎంచుకోలేదు. నోరు జారిన ఒక మాట అంతా తేల్చేసింది. అలాంటప్పుడు నిన్నంతా నేను చూపించిన వేలు ఏమిటి?

రెండు రోజుల తర్వాత రోడ్డు మీది గుడారాల దగ్గర పడవకి పంక్చరు వేస్తుంటే సరోజ భర్త వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. వెనకాల సరోజ, ముసుగు గడ్డం దాకా దించుకుని.

"ఫౌజీ భయ్యా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. "ఈమె మా అమ్మని వదిలేసి పడవలోకి దూకిందని పిల్లల దగ్గర్నుంచి అందరూ అంటున్నారు. అదే నిజమైతే ఇవాళే పుట్టింటికి పంపేస్తాను. మళ్లీ గడప తొక్కనివ్వను. దూకిందా? నువ్వు ఎక్కించావా?"

సరోజ ముసుగు కదల్లేదు.

నాకు తెలిసిన నిజం, నేనెవర్నీ ఎక్కించలేదు. తెలుగు మాట ఒకటి హిందీ చెవిలో పడింది, అంతే. ఆ ముక్క చెబితే ఈ మనిషికి ఏం అర్థమవుతుంది? చివరికి మిగిలేది ఒక్కటే, పడవలో భార్య ఉంది, అమ్మ లేదు. ఈసారి మాత్రం నాకు ఆలోచించుకునే వ్యవధి ఉంది, మోటరు ఆగి ఉంది.

"నేనే" అన్నాను. "చెయ్యి పట్టి లాగాను. ఆర్డరు నాది."

"మా అమ్మని ఎందుకు లాగలేదు?"

"ఒక చోటే ఉంది. ఈమెని ఎంచుకున్నాను."

అతను నా బూట్ల మీద ఉమ్మేశాడు. "అయితే మా అమ్మని చంపింది నువ్వు" అన్నాడు. నిజామాబాద్ వాడు లేచాడు. కూర్చోమని సైగ చేశాను. అతను వెక్కి వెక్కి ఏడుస్తూ గుడారాల వైపు వెళ్లిపోయాడు.

సరోజ వెంటనే వెళ్లలేదు.

"మీరు లాగలేదు సాబ్" అంది. "మీ రెండు చేతులూ తాడు మీదున్నాయి. నేను చూశాను."



ఆమె చెయ్యి వెనక్కి మడిచి తన వీపు మీద చూపించింది. "ఇక్కడ. రెండు అరచేతులు. గట్టిగా తోసింది."

తల మీద పిడుగు పడ్డట్టయింది. నేను ఇరవై ఏళ్లు పడవలెక్కినవాణ్ణి. ఒక కాలు పడవ మీద, ఒక కాలు గట్టు మీద ఉన్నప్పుడు పడవ వెనక్కి పోతే మనిషి మధ్యలో నీళ్లలో పడాలి. పడవలో పడదు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. ఎవరూ ఏదీ ఎంచుకోలేదని రెండు రోజులు కుమిలిపోయాను. ఆ పలక మీద ఒక మనిషి ఎంచుకుంది, నా ఆర్డరుతో పని లేకుండా.

"మరి మీ ఆయనకి ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"అప్పుడు ఆయన చేతుల్లో పెట్టె ఉంది సాబ్. అత్తయ్య చేతుల్లో నేనున్నాను" అంది. "అది తెలిస్తే ఆ చేతులతో ఆయన అన్నం తినగలరా? మీ మీద కోపమైతే ఎలాగో బతుకుతారు."

"దూకిందనే నేను చెప్పి ఉంటే?"

"దూకానని ఒప్పుకునేదాన్ని."

ముసుగు సర్దుకుని భర్త వెళ్లిన దారినే వెళ్లింది. పంక్చరు వేయడం మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను అంత నివ్వెరపోయింది లేదు.

మరో ఏడాదికి రిటైరయ్యాను. అదే పెట్టె, అదే బెడ్డింగు, అదే స్టేషను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. సాయంత్రాలు నలుగురు చేరి, నిర్ణయాలు ఎలా తీసుకోవాలో ఫౌజు వాళ్ల దగ్గర నేర్చుకోవాలని అంటూ ఉంటారు. నేను లేచి వచ్చేస్తాను.

భోజనం దగ్గర మా ఆవిడ అన్నం వడ్డిస్తుంటే ఇప్పుడు నేను చాలు అనను. కంచం మీద రెండు అరచేతులూ అడ్డం పెడతాను.

"నోటితో చెప్పలేరేటి?" అని విసుక్కుంటుంది.

ఏం చెప్పను? ఆ రోజు పడవ వెనక్కి పోతుంటే ముసలావిడ రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి. ఆకుపచ్చ గాజులు. వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. నన్ను కూడా తీసుకెళ్లమని అడుగుతోంది అనుకున్నాను. రిపోర్టులో సాయం కోసం చేతులు చాచిందని చెప్పింది నేనే. ఆ చేతులు దేన్నీ అడగడం లేదు. అప్పుడే తోసి, ఇంకా వెనక్కి తీసుకోలేదు.